అర్వో బీరువాలోంచి బయటికొచ్చిన తుపాకీ

అర్వో కోస్కెలాకు ఎవరితోనైనా 'కుదరదు' అనడం చేతకాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన హార్డ్‌వేర్ కొట్లో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చున్నదాన్ని, ఈ సంగతి నాకంటే ఎవరికి తెలుస్తుంది? రెండు చలికాలాలు కోసి కోసి పళ్లరిగిన రంపం పట్టుకొచ్చి "ఇది కొన్నప్పట్నుంచీ ఇంతే" అని దబాయిస్తే, కొత్తది తీసి ఇచ్చేవాడు. నేను పళ్లు నూరేదాన్ని.

"నీ మొహమాటానికి ఒక్క కొట్టు చాలదు, ఇంకో రెండు తెరువు."

"పోనీలే వియెనో. వాళ్ల నాన్న మా నాన్నతో గనిలో దిగినవాడు."

మా కివెలా ఊళ్లో అందరి నాన్నలూ అందరి నాన్నలతో గనిలో దిగినవాళ్లే. ఆ లెక్కన కొట్టు మొత్తం పంచిపెట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆయన గట్టివాడు. కొట్టు వెనకగదిలో ఒక ఇనప బీరువా ఉంది. చాలా ఏళ్ల కిందట, ఏప్రిల్ నెలలో, ఇంకా మంచు కరగకుండానే, అర్వో తమ్ముడు, ఓన్ని అనేవాడు, తన వేట తుపాకీతోనే ప్రాణం తీసుకున్నాడు. మనిషి వాలకం బాగాలేదని ఓన్ని భార్యకు నెల ముందే తెలుసు. తుపాకీ ఎక్కడ దాచాలో తెలియక ఊరుకుంది. అంత్యక్రియలయ్యాక చర్చి నేలమాళిగలో అందరం కాఫీ తాగుతుంటే అర్వో లేచాడు. "ఎవరింట్లోనైనా మనిషి మనసు బాగోకపోతే తుపాకీ నాకు తెచ్చివ్వండి. ఎందుకని అడగను" అన్నాడు. అంతే, కూర్చున్నాడు.

జనం తేవడం మొదలుపెట్టారు. తివాచీల్లో చుట్టి, దుప్పట్లలో చుట్టి తెచ్చేవాళ్లు. అర్వో ప్రతిదానికీ ఒక అట్టముక్క కట్టేవాడు. దానిమీద తుపాకీ ఎవరిదో, ఎవరు తెచ్చారో రాసేవాడు. ఇద్దరూ వచ్చి సరే అంటేనే తిరిగివ్వడం. సొంతదారు ఒంటరిగా వచ్చి బతిమాలితే వెనకగదిలో కూర్చోబెట్టి, కాఫీ పోసి, చేపల కబుర్లు చెప్పి, ఉత్తచేతులతో సాగనంపేవాడు. రంపం విషయంలో నోరు పెగలని మనిషికి ఇక్కడ ఎలా పెగిలిందా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది. ఆ గదిలో చూసేవాళ్లుండరు. కాదన్నా ఇద్దరి పరువూ ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోయేది.

ముప్పై నాలుగేళ్లలో ఒక్క తుపాకీ కూడా తప్పుగా బయటికి పోలేదు. అది ఆయన జీవితంలో ఉన్న ఒకే ఒక్క గర్వం.

అందుకే, రాష్ట్ర రాజధానిలో కొత్త చట్టం తెస్తున్నారన్న మాట వచ్చినప్పుడు ఆయనకు ఎప్పుడూ లేనిది కోపం వచ్చింది. ఇంట్లోవాళ్లు కోర్టులో అర్జీ పెట్టుకుంటే జడ్జి విచారించి, ప్రమాదం ఉన్న మనిషి దగ్గర్నుంచి కొన్నాళ్లపాటు తుపాకులు తీసేయించవచ్చట. "మనవాళ్లని మనం చూసుకోలేమా? ఇన్నేళ్లూ నేను చేస్తున్నదేంటి? ఎక్కడి జడ్జో వచ్చి మన ఇళ్లలో దూరాలా?" అన్నాడు. మా కౌంటీలో, అంటే మా జిల్లాలో, ఆ చట్టం అమలు చెయ్యకూడదని ఒక అర్జీ తయారుచేసి కౌంటర్ మీద పెట్టాం. మొదటి సంతకం ఆయనది. రెండోది నాది.

అక్టోబరులో లోర్నా కంగస్ వచ్చింది. వాళ్ల నాన్న అర్వోకి ప్రాణస్నేహితుడు, చిన్నప్పట్నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆమె మొగుడు రోనీని పంతొమ్మిదేళ్లు పనిచేసిన కలప మిల్లులోంచి సెప్టెంబరులో తీసేశారు. పచ్చ గళ్ల దుప్పటిలో మూడు తుపాకులు చుట్టుకొచ్చింది. మోయలేకపోతుంటే ఒక కొస నేనే పట్టుకున్నాను.

"బాబాయ్, ఫ్రిజ్ తలుపు మీద పదకొండు పేర్లు రాసి అంటించాడు. అందరూ మిల్లువాళ్లే. ఏంటిది అంటే, 'వీళ్ల బాకీ తీర్చాలి' అంటాడు, నవ్వుతూ."

"షెరీఫ్ ఆఫీసుకి వెళ్లావా?"

"వెళ్లా. పేర్లు రాసుకోవడం నేరం కాదమ్మా అన్నారు. తుపాకులు తీసుకోవాలంటే కోర్టు కాగితం కావాలట. ఆ కాగితం ఇచ్చే చట్టం మనకి ఇంకా రాలేదట. నువ్వు మాత్రం ఇవ్వకు బాబాయ్. ఏడ్చినా ఇవ్వకు. నేను చెప్పేదాకా ఇవ్వకు."

"నీ ఒట్టు" అన్నాడు అర్వో. ఆమె ఎదుటే అట్టముక్క రాసి కట్టాడు.

రోనీ రెండుసార్లు వెనకగదికి వచ్చాడు. రెండుసార్లూ కాఫీ తాగి వెళ్లాడు. మూడోసారి ముందు తలుపులోంచి వచ్చాడు. ఆ రోజు నవంబరు పద్నాలుగు.

మా ఊళ్లో క్రిస్మస్ పండగ ఒకరోజు అటూ ఇటూ అయినా ఎవరూ చచ్చిపోరు కానీ, నవంబరు పదిహేను అంటే పదిహేనే. జింకల వేట మొదలయ్యే రోజు. బడికి సెలవు. కొట్టిన జింకల్ని అందరూ చూసేట్టు వేలాడదీయడానికి మా కొట్టు ముందే పెద్ద దూలం నిలబెడతారు. పద్నాలుగు సాయంత్రం కొట్లో ఇసకేస్తే రాలనంత జనం. లైసెన్సులకి, తూటాలకి, ఉన్ని మేజోళ్లకి లైను వీధిలోకి పోయింది.

రోనీ నున్నగా గడ్డం గీసుకుని, నారింజరంగు వేట కోటు వేసుకుని వచ్చాడు. వెనకే నిలబడ్డ వెస్ నాన్‌కెర్విస్ ఆటపట్టించాడు. వెస్ మిల్లులో లారీలకు సరుకెత్తే మనిషి, నోరు ఊరుకోదు.

"ఏరా రోనీ, తుపాకీ లేకుండా వచ్చావ్? రేపు జింకని తిట్టి చంపుతావా?"

అందరూ నవ్వారు. రోనీ కూడా నవ్వాడు. "నా రైఫిల్ పెద్దాయన దగ్గరుంది. పెద్దాయనా, ఇచ్చేస్తే పోతాను. తెల్లారేలోగా క్యాంపులో ఉండాలి."

అర్వో వెనకగది వైపు చెయ్యి చూపించాడు. "లోపలికి రా రోనీ, కాఫీ తాగుదాం."

"ఇయ్యాళ కాఫీకి టైమెక్కడ పెద్దాయనా?"

"నీ రైఫిల్ అర్వో దగ్గరెందుకుందిరా?" అన్నాడు వెస్, మామూలుగానే.

నవ్వులు ఆగిపోయాయి. అర్వో బీరువా అంటే ఏమిటో ఆ లైన్లో అందరికీ తెలుసు. రోనీ చెవులు కందిపోయాయి. తలొంచుకుని కోటు గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. నలభై ఏళ్ల మగాడు, వేటకి ముందురోజు, ఊరందరి ముందు. అర్వో అది చూడలేకపోయాడు.

"గురిచూసే స్కోపు సరిచెయ్యమని ఇచ్చాడు" అన్నాడు.

జనం ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ ముక్క అన్నాక ఇంక దారేదీ? సరిచేసిన తుపాకీ సొంతదారుకి ఇవ్వాలిగా. అయినా అర్వో తాళాలగుత్తి మీద చెయ్యేసుకుని కదలకుండా నిలబడ్డాడు. ఎంతసేపో. "ఇచ్చి పంపవయ్యా, లైను కదలట్లేదు!" అని ఒక కేక వినిపించింది. అప్పుడు లోపలికి వెళ్లాడు. అట్టముక్క తెంపి చొక్కా జేబులో పెట్టుకుని, ఒక్క రైఫిల్ తెచ్చి ఇచ్చాడు. రోనీ నా ముందు రెండు డబ్బాల తూటాలు పెట్టాడు. నేను డబ్బు తీసుకుని "రేపు మంచి జింక పడాలి" అన్నాను. అందరికీ అదే అంటాం.

మర్నాడు పొద్దున్న ఊరు ఊరంతా అడవిలో ఉంది. సెలవు దొరకనివాళ్లు మిల్లులో ఉన్నారు. తుపాకుల మోత వినపడితే ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. ఆ రోజు అన్ని వైపులా మోతే కదా. రోనీ మిల్లు భోజనాల గదిలో నలుగుర్ని చంపి, తర్వాత తననీ కాల్చుకున్నాడు. నలుగురిలో వెస్ ఒకడు. వెస్ పేరు ఫ్రిజ్ మీది కాగితంలో లేదు.

మధ్యాహ్నానికి దూలం మీది జింకల్ని దించేశారు. రైఫిల్ ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అతని రైఫిలే, అతని దగ్గరే ఉంది. లైన్లో ఉన్నవాళ్లకి స్కోపు కథ తెలుసు. అసలు సంగతి తెలిసినవాళ్లం ముగ్గురం: అర్వో, లోర్నా, నేను.

డిసెంబరులో లోర్నా ఊరొదిలి అక్క దగ్గరికి పోతూ కొట్టుకొచ్చింది. ఏదో అంటుందనుకున్నాను. అంటే బాగుండేది.

"నా దుప్పటి ఇచ్చెయ్ బాబాయ్."

అర్వో మడతపెట్టి తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఆమె తీసుకుంది. మిగిలిన రెండు తుపాకుల ఊసెత్తలేదు. ఆయన ఆమె మొహం చూడలేదు, ఆమె చేతుల్నే చూశాడు.

ఫిబ్రవరిలో మా అర్జీ మీద కౌంటీ బోర్డు సమావేశం పెట్టింది. హాలు నిండిపోయింది. బోర్డు పెద్ద గోర్డీ చేతులూపుతూ, "అర్వో, ముందు నువ్వు మాట్లాడు. నువ్వు మాట్లాడాక మేం చెప్పేదేముంటుంది?" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అర్వో ముందుకెళ్లి కళ్లజోడు తుడుచుకున్నాడు. చొక్కా జేబులోంచి అట్టముక్క తీసి చదివాడు. "రోనీ కంగస్. తెచ్చింది లోర్నా. తను చెప్పేదాకా ఇవ్వకూడదు." తలెత్తాడు. "ఇది నా చేతిరాత. పద్నాలుగో తేదీన నేనే తెంపి, రైఫిల్ వాడికిచ్చా. స్కోపు మాట అబద్ధం."

ముందు తేరుకున్నది గోర్డీయే.

"ఊరుకో అర్వో. నీ మీద వేసుకోకు. వాడి తుపాకీ వాడడిగాడు. ఇవ్వననడానికి నీ దగ్గర ఏ చట్టం ఉంది?"

"అదేగా నేను చెప్పేది! నా చేతిలో కాగితం లేదు. ఉంటే, 'నేనేం చెయ్యను రోనీ, జడ్జి వద్దన్నాడు' అనేవాణ్ణి. వాడు జడ్జిని నాలుగు బూతులు తిట్టుకుని పోయేవాడు. మనవాళ్లని మనం చూసుకుంటాం అని బల్ల గుద్దింది నేనే. మనవాడి మొహం చూసి కాదనలేకపోయిందీ నేనే." గొంతు సవరించుకున్నాడు. "కాగితం లేదని తప్పించుకోవట్లేదు. వాడి పరువు కోసం ఇచ్చానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నా. అది కూడా అబద్ధమే. పదిమందిలో చెడ్డవాణ్ణి కావడానికి నాకు సిగ్గేసింది."

రెండో వరసలోంచి వెస్ భార్య మార్జ్ లేచి నిలబడింది. అరవలేదు.

"ఆ సాయంత్రం లోర్నాకి ఫోనెందుకు చెయ్యలేదు? చేసుంటే మిల్లువాళ్లకి తెలిసేదిగా."

"చేద్దామని రిసీవర్ ఎత్తా. చేస్తే ఇచ్చినట్టు ఒప్పుకోవాలి. పెట్టేశా."

మార్జ్ కోటు తీసుకుని, అందరి మోకాళ్లూ దాటుకుంటూ బయటికి వెళ్లిపోయింది. అర్వో ఆమె వెళ్లిందాకా నిలబడే ఉన్నాడు. తర్వాత బల్ల మీదున్న అర్జీ కాగితం తన వైపు తిప్పుకుని, మొదటి సంతకం కొట్టేశాడు.

ఎలాగైనా ఆయన మీద భారం తగ్గించాలని గోర్డీకి. "నేనూ ఆ లైన్లోనే ఉన్నా అర్వో. నువ్వు కదలకుండా నిలబడ్డావ్, నేను చూశా. ఎవరో ఇచ్చెయ్యమని అరిచాకేగా లోపలికెళ్లావ్? ఎవరు వాళ్లు?"

అర్వో హాలంతా ఒకసారి చూశాడు. ఆ చూపు నా మొహం దగ్గర ఆగకుండా దాటిపోయింది.

"గుర్తులేదు" అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లు విన్న గొంతు ఎవరికైనా గుర్తుండదా? అరిచింది నేను. బీరువా సంగతి తెలిసి, దుప్పటి కొస స్వయంగా పట్టుకుని, అరిచింది నేను. దానికి పెద్ద కారణం కూడా లేదు. పొద్దున్నుంచీ నిలబడి కాళ్లు పీకుతున్నాయి. ఇంటికెళ్లి ఆవిరిస్నానానికి సౌనా గది వేడిచేసుకుని కూర్చుందామనుకుంటున్నాను. లైను కదలాలి, అంతే. ఆయన్ని జీవితమంతా మొహమాటస్థుడని దెప్పినదాన్ని, ఆయన నోరు పెగల్చుకోబోతున్న ఆ ఒక్క నిమిషంలో నేనే నొక్కేశాను.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అని గోర్డీ అడిగాడు. నేను నా బూట్ల వంక చూస్తూ కూర్చున్నాను. ఓటు మరో నెలకి వాయిదా వేశారు. అర్జీ మీద కొట్టేసిన పేరు కింద నా పేరు అలాగే ఉంది.

ఎప్పట్లాగే అర్వో నన్ను తన బండిలో ఇంటి దగ్గర దింపాడు. నేను తలుపు తీసి దిగుతుంటే, "మెట్ల మీద మంచు గడ్డకట్టింది వియెనో, చూసుకుని నడు" అన్నాడు.

"సరే" అన్నాను. ఇంకేమీ అనలేదు.