మిరపకోతలు అయినంక తెచ్చియ్యి

ఎమ్మిగనూరు లైబ్రరీ సారు పోయారని పోయిన వారం మా చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, సారు పొద్దున్నే పోయినాడంట. సంతలో అనుకుంటాండారు" అంది. ఆదోని నుంచి నేను బస్సెక్కి వెళ్లేసరికే అంతా అయిపోయింది. వాకిట్లో కుర్చీలు ఎత్తేస్తున్నారు. చివరి చూపు దక్కలేదన్న బాధ నాకింకా తీరలేదు.

సారు అంత తియ్యటి మనిషేమీ కాదు. పేపరు మడత పాడుచేస్తే ఎంతటివాడినైనా కసురుకునేవారు. ఆయన మెత్తదనమంతా సుగ్గి పిల్లల దగ్గరే.

మాది గోనెగండ్ల దగ్గర పల్లె. వానలు ముఖం చాటేసిన ఏడాది, ఆ మాటకొస్తే దాదాపు ప్రతి ఏడాదీ, ఇంటికి తాళం వేసి పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతలకు పోయేవాళ్లం. అలా పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. సుగ్గికి పోయిన పిల్లలకు బడి ఉండదు. తిరిగొచ్చేసరికి నేర్చుకున్నది సగం మరిచిపోయి ఉంటారు.

లైబ్రరీ పుస్తకం పదిహేను రోజుల్లో తిరిగివ్వాలి. సారు ఆ నియమాన్ని మా కోసం పక్కన పెట్టారు. ఎమ్మిగనూరులో లారీ ఎక్కేముందు అమ్మ మూటలు చూసుకుంటుంటే నేను లైబ్రరీకి పరుగెత్తేదాన్ని.

"ఈసారి యాడికి పోతాండారు?"

"గుంటూరు పక్క సారూ."

"ఎప్పుడొస్తారు?"

"మా నాయనకు కూడా తెల్దు సారూ."

"అయితే మిరపకోతలు అయినంక తెచ్చియ్యి."

ఖాళీ యూరియా సంచులు కడిగి ఆరబెట్టి ఉంచేవారు. వాటిలో కథల పుస్తకాలు వేసి, మంచుకు తడవకుండా మూతి కట్టి ఇచ్చేవారు. బడి పుస్తకాలు తీసుకుపోతే సరిపోదా అని ఒకాయన అడిగితే, "పాఠం సెప్పేవాళ్లు లేనిసోట పాఠం ఎవరు సదువుతారప్పా? కత అయితే, తర్వాత ఏమాయనో అని వాళ్లే సదువుతారు" అన్నారు.

నిజంగా అలాగే జరిగింది. చేలో గుడారం ముందు అమ్మ రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే నేను పైకి చదివేదాన్ని. వేళ్లు మండుతుంటే మణికట్టుతో పేజీ తిప్పేదాన్ని. "కండ్లకు సెయ్యి పెట్టుకోవాకు" అనేది అమ్మ. "ఆ పిల్ల ఇల్లు సేరిందా లేదా, అది సెప్పు."

ఎండాకాలం మా సంచులు తిరిగొస్తే లైబ్రరీ అంతా ఘాటు. సారు పుస్తకాలను మెట్ల మీద ఎండకు పరిచి తుమ్ముతుంటే, పేపరు చదవడానికొచ్చిన పెద్దమనుషులూ తుమ్మేవారు. "మీ ఊరోళ్లు ఈసారి బాగా సదివినట్లుండారే" అని సారు నన్ను ఆటపట్టించేవారు. కొన్ని పుస్తకాలు తిరిగొచ్చేవి కావు. వాటి గురించి ఆయన ఏ పిల్లనూ అడగలేదు.

తర్వాత పైనుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. మిరప మరకలు, ఊడిన అట్టలు చూసి, ప్రభుత్వ పుస్తకాలను చేలపాలు చేస్తున్నారా అని అందరి ముందూ నిలదీశారు. ఇకమీద గడువు దాటి ఒక్క పుస్తకం కూడా బయట ఉండకూడదన్నారు. సారు తలవంచుకుని సరేనన్నారు. ఆ ఒక్క మాటతో సుగ్గి సంచులు ఆగిపోయాయి.

నేను అప్పటికే పదో తరగతి దాటి హాస్టల్లో ఉన్నాను. చెల్లెలు అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుని చదువుతోంది. ఆ ఏడు వట్టి చేతులతో సుగ్గికి పోయింది. తిరిగొచ్చాక తనకన్నా చిన్నపిల్లలు గడగడా చదువుతుంటే వాళ్ల పక్కన కూర్చోలేక, సిగ్గుపడి బడి మానేసింది. నేను టీచరునయ్యాను. అది ఇప్పటికీ మిరపకాయలు కోస్తోంది. "నువ్వు సారు కాలంలో సదివినావు. నేను ఆఫీసరు కాలంలో సదివినాను" అంటుంది నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాదు.

ఉద్యోగ విరమణ తర్వాత సారును చూడటానికి ఎప్పుడు వెళ్లినా నా క్షేమం కంటే ముందు చెల్లెలి సంగతే అడిగేవారు. ఆఖరిసారి వెళ్లేసరికి మంచం పట్టి ఉన్నారు. "ఆ పొద్దు ఎదురు సెప్పింటే ఏమవుతుండె? మెమో ఇస్తుండ్రి. అంతేగదమ్మా" అన్నారు. మళ్లీ ఆయనే, "దానికి అంత భయపడితినే" అన్నారు. మీ తప్పు కాదు సారూ అన్నాను. ఆయన నమ్మలేదు.

మొన్న చెల్లెలి కుటుంబం మళ్లీ సుగ్గికి బయలుదేరింది. ముందురోజు నేను లైబ్రరీకి వెళ్లి వాళ్ల ఊరి పిల్లల కోసం పుస్తకాలు అడిగాను. ఇప్పుడున్నాయన మర్యాదగానే, "పదిహేను దినాలే మేడం. రూల్ అట్లుంది" అన్నారు. ఆయన్ని మాత్రం ఏమనగలను? అంగట్లో దొరికిన కథల పుస్తకాలు రెండు కొని చెల్లెలి కూతురి చేతిలో పెట్టాను.

లారీ నిండా పిల్లలు. రెండు పుస్తకాలు ఎంతమందికి సరిపోతాయి? లారీ కదిలింది. పుస్తకం అందని పిల్లలు అంచు పట్టుకుని నిలబడి, బజారులో కనబడిన బోర్డునల్లా చదవడం మొదలుపెట్టారు. ఎరువుల అంగడి, బట్టల కొట్టు, మందుల షాపు, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ, ఒకరిని మించి ఒకరు గట్టిగా. మలుపు తిరిగాక కూడా ఆ గొంతులు కాసేపు వినిపించాయి. ఊరు దాటితే బోర్డులుండవు.