కందెన పట్టిన లేత్ మిషను

జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి తెల్లబడే దాకా మా నాయన మార్కాపురంలో వేరేవాళ్ల లేత్ షాపులోనే పనిచేశాడు. చివరికి తనూ ఒక పాత లేత్ మిషను కొని, తర్లుపాడులో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో దించాడు. ఆ మిషనులో క్యారేజీ అని ఒకటి ఉంటుంది. ఇనుమును కోసే ఉలిని పట్టుకుని బెడ్డు అనే పొడవాటి ఇనుప దిమ్మ మీద అటూ ఇటూ నడిచే భాగం. దించిన రోజున దాన్ని నడిపే చక్రాన్ని ఒక్క వేలితో తిప్పితే అది జారిపోయింది. నాయన ఆ వేలి విద్య చూపించని మనిషి మా వీధిలో లేడు. కూరగాయలక్కకు కూడా చూపించాడు. ఆమె "బాగుందన్నా, టమాటాలు కావాల్నా?" అంది.

షెడ్డుకు త్రీఫేజు కరెంటు వచ్చేసరికి ఎండాకాలం వెళ్లిపోయింది. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థన చేయాలనీ, ఆ వెంటనే సంఘమంతా చూస్తుండగా నాయన సొంత మిషను మీద మొదటి ఇనుప ముక్క తరగాలనీ ఖాయమైంది. శుక్రవారం మిషను మీద కప్పిన పట్టా తీసి చక్రం పట్టుకుంటే క్యారేజీ కదల్లేదు. రెండు చేతులతో, దవడలు బిగించి తిప్పితే, అలిగిన ఎద్దులా రవ్వంత జరిగి ఆగింది.

"ముంచినాడ్రా అమ్మినోడు!" అని నాయన గడప మీద కూలబడ్డాడు.

"దించిన దినం నువ్వే గదా నాయనా వేలితో తిప్పినావు. కూరగాయలక్క సాక్షి."

"అప్పుడేదో మాయ చేసుంటాడు."

"మాయలొచ్చినోడు పాత ఇనుము అమ్ముకోని ఏం బతుకుతాడు?"

నాయన నవ్వలేదు. "ఆదివారం అందరి ముందర అది కదలకపోతే నా మొగం ఏడ పెట్టుకోవాల్రా?" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట మీద కూడా నాకొక జోకు తట్టింది గానీ దాచుకున్నాను.

ముందు క్యారేజీని బెడ్డుకు పట్టి ఉంచే బోల్టులు వదులు చేశాం. లాభం లేదు. ఇక అడ్డమున్నవన్నీ విప్పి, క్యారేజీని బెడ్డు చివరిదాకా లాగి పైకెత్తాం. దాని అడుగున నల్లగా, చిక్కగా, బంకలా ఏదో పేరుకుపోయి ఉంది. నాయన వేలితో కొంచెం గీకి వాసన చూసుకుని, నా ముక్కు దగ్గర పెట్టాడు. చిన్నప్పుడు మా అవ్వ నన్ను కాళ్ల మధ్య పడేసుకుని నెత్తిన పట్టించిన వాసన. ఆముదం.

ఇద్దరం ఒకేసారి బయటికి చూశాం. అవ్వ చేటలో కందులు చెరుగుతోంది.

"అమ్మా, మిషనుకేమన్నా పూసినావా?" అని నాయన అడిగాడు.

"పూయకేం? నువ్వు పట్టా కప్పి నీ పనికి పోతివి. ఇనుము ఎండిపోతాంటే చూస్తా కూచోమంటావా? మీ నాయన బండి ఇరుసుకు పెట్టినట్లే, గడ్డి కాల్చి ఆ మసి ఆముదంలో కలిపి కందెన పెట్టినా. వారం వారం."

"వారం వారమా! నాకు చెప్పొద్దా?"

"చెప్తే వద్దంటావని చెప్పలే."

వట్టి కందెనే అయితే ఇంత కథ ఉండేది కాదు. మా వీధి చివర పలకరాయి కోసే షెడ్డు ఉంది. ఆ దుమ్ము పట్టా కిందకి కూడా దూరుతుంది. ఆముదం, మసి, పలకదుమ్ము కలిసి ఎండాకాలం వేడికి ఉడికాయి. మా ఇంటి గోడల సిమెంటు కూడా అంత బాగా పట్టలేదు.

అమ్మినవాడి కోసం దాచిపెట్టుకున్న తిట్లు నాయన నోట్లోనే ఉండిపోయాయి. తల్లి మీద వాడలేడు. "డీజిలు పట్రా" అని నా మీద అరిచాడు.

శనివారమంతా వెదురు పుల్లలతో గీకడం, డీజిల్లో ముంచిన గుడ్డతో తుడవడం. గరుకు కాగితం ముట్టనివ్వలేదు నాయన, బెడ్డు మీద గీతలు పడతాయని. క్యారేజీ అంచులకు దుమ్మును తుడిచే మెత్తటి ఉన్ని ముక్కలుంటాయి. అవి రాయిలా బిగుసుకుపోయాయి. కొత్తవి ఎక్కడ దొరుకుతాయా అని మేము తలలు పట్టుకుంటే, అవ్వ లోపలికి వెళ్లి తాత గొర్రెల వెంట తిరిగినప్పటి గొంగడి తెచ్చింది.

"మూల కోసుకోండి. వానే దూరలే దీంట్లో, దుమ్మేం దూరతాది?"

కోసి బిగించాం. క్యారేజీని మళ్లీ బెడ్డు మీదికెక్కించి, పలచటి మిషను ఆయిలు వేసి, నాయన కళ్లు మూసుకుని బోల్టులు బిగించాడు, చేతికి తెలిసినంత మేరకే. చక్రం మీద వేలు పెట్టాడు. క్యారేజీ జారింది. కూరగాయలక్క రావడానికి ఇంకా టైముంది కాబట్టి నాకే పదిసార్లు చూపించాడు.

ఆదివారం ప్రార్థన, శుక్రవారం నాటి క్యారేజీ కంటే నిదానంగా నడిచింది. ఆమెన్ అనగానే నాయన స్విచ్చి వేసి చక్రం తిప్పాడు. ఇనుప రజను తెల్లగా మెరుస్తూ సుడులు తిరిగి రాలింది. నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కంట్లో రజను పడిందా అని నేను గట్టిగా అడిగి ఆయన పరువు కాపాడాను.

"ఏంది బావా, ఇంత నున్నగా పోతాంది! ఏం నూనె పోసినావు?" అన్నాడు సంఘపెద్ద.

నాయన చక్రం వదలకుండానే, "మా అమ్మనడుగు. మిషనును చూసుకునేది ఆమే" అన్నాడు.

అవ్వ కొంగు సర్దుకుంది. "ఆముదం" అంది.

ఇప్పుడు ఆయిలు డబ్బా అవ్వ చేతిలోనే ఉంది. ప్రతి శనివారం గొంగడి ముక్కల మీద చుక్కలు వేస్తుంది, వాసనే లేని నూనె ఒక నూనేనా అని గొణుక్కుంటూ.