తోపుడుబండి మీంచి గామా కిరణం

నిన్న యూసుఫ్‌గూడ సందులో నాలుగు తోపుడుబండ్లను ఒకదానికొకటి తాడుతో బిగించి కట్టి ఉంచారు. అవి చూసి నడిరోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎదురొచ్చిన పెద్దావిడ అనుమానంగా చూసి తప్పుకుని వెళ్లింది. ఆవిడకు సంగతి చెప్పాలంటే తొంభైల మొదట్లో నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

అప్పట్లో నేను డైరీతో తప్ప ఎవరితోనూ పూర్తి వాక్యం మాట్లాడేదాన్ని కాదు. మొదటి సెమినార్‌లో బోర్డు ముందు నిలబడి, సుద్దముక్కను రెండుగా విరిచి, వచ్చి కూర్చున్నాను. "ఈసారీ నోరు విప్పకపోతే సున్నా వేయాల్సొస్తుందమ్మా," అన్నారు మా లెక్చరర్ జాలిగా. ఈ రెండోసారి నాకిచ్చిన విషయం, పరమాణు కేంద్రకాలు గామా కిరణాలను వదలడం, అందుకోవడం. కిరణాన్ని వదిలిన కేంద్రకం పేలిన తుపాకీలా వెనక్కి తంతుంది. ఆ తన్నుకు కొంత శక్తి ఖర్చయిపోతుంది. ఎదురుగా అదే జాతి కేంద్రకం ఉన్నా, కొలతలో వీసమెత్తు తేడా వస్తే జాకెట్టును దర్జీకి తిప్పి పంపే మా పెద్దత్తలాగ, తగ్గిన ఆ కిరణాన్ని తీసుకోదు. అదే కేంద్రకం గట్టి స్ఫటికంలో బిగిసి ఉంటే ఆ తన్నును స్ఫటికమంతా భరిస్తుంది. కిరణం శక్తి తగ్గకుండా చేరుతుంది. ఇదంతా డైరీలో అందంగా రాసుకున్నాను. పైకి చెప్పడమే రాదు.

సెమినార్ ముందురోజు, సినిమాలకు మాటలు రాసే మా బాబాయి "గోడకు పాఠం చెప్పింది చాల్లే, రా" అని నన్ను ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్‌కి లాక్కెళ్లాడు. హీరో డూపు, వరసగా నిలిపిన ఐదు కూరగాయల బండ్లలో ముందున్న దాని మీంచి అరుగు మీదికి దూకాలి. మధ్యలో టమాటాల గుట్ట. దూకాడు, టమాటాల్లో పడ్డాడు. "గట్టిగా తన్ని దూకవయ్యా! పొద్దున్నే ఎన్ని ఇడ్లీలు లాగించావ్?" అని డైరెక్టర్ అరిచాడు. అతను ఇంకా గట్టిగా తన్నాడు, బండి ఇంకా జోరుగా వెనక్కి పోయింది, మళ్లీ టమాటాలే. చక్రాలు కెమెరాలో కనబడాలట, అందుకని రాళ్లు అడ్డం పెట్టడానికి వీల్లేదట. బండ్లు తెచ్చిన షేక్‌పేట ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "ఏంది సారూ గిది! నా టమాటలన్నీ పచ్చడైతున్నయి!" మూడోసారి డూపు మోకాలు పట్టుకుని లేచాడు. డైరెక్టర్ "వన్స్ మోర్" అన్నాడు.

అప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆగండి! ఆయన తప్పేం లేదు. బండే వెనక్కి పోతోంది. ఆ నాలుగు బండ్లూ దీనికి వెనక బిగించి కట్టండి. ఒక్కటైతే జరుగుతుంది, అన్నీ కలిస్తే జరగవు!"

"ఎవరయ్యా ఈ అమ్మాయి?" అన్నాడు డైరెక్టర్.

"మా అన్నయ్య కూతురండీ. మాట్లాడదు," అన్నాడు బాబాయి అయోమయంగా.

కట్టారు. డూపు దూకి అరుగు మీద నిలబడ్డాడు. బండ్లాయన నా చేతిలో నలగని టమాటా ఒకటి పెట్టి, "జర ముందుగాల చెప్పకపోతివా బిడ్డా!" అన్నాడు.

మర్నాడు బోర్డు మీద ఐదు తోపుడుబండ్లు గీసి మొదలుపెట్టాను. అరగంట ఆగలేదు. చివర్లో ఎవరూ ప్రశ్నలు వేయకపోతే లెక్చరరే, "ఇంతకీ ఆయన మోకాలు ఎలా ఉందమ్మా?" అని అడిగి, మార్కులు వేశారు. తర్వాత సినిమా విడుదలైతే ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఆ దూకడం లేదు. నిడివి ఎక్కువైందని కోసేశారట.

నోరు విప్పడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. విప్పాక గడిచిన ఏళ్లు ఎటు పోయాయో మాత్రం తెలియలేదు.