మాస్టారు ఇచ్చే భోజనం లైసెన్సు

మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఇంట్లో రిహార్సలు వేయించనిదే మనవల్ని ఏ రెస్టారెంటు గుమ్మమూ తొక్కనివ్వరు. సిగరెట్టు, పేకాట లాంటివేవీ లేవు మహానుభావుడికి. ఆ ఒక్కదానితోనే ఇల్లంతా ఠారెత్తిపోయేది.

ఆయన పని డ్రైవింగ్ నేర్పడం. ఊళ్ళో సగంమంది స్టీరింగు పట్టుకున్నది ఆయన చేత చీవాట్లు తింటూనే. పక్క సీట్లో కూర్చుని, కాలికింద రెండో బ్రేకు పెట్టుకుని, ఇతరుల తప్పుల్ని ఆపడంలోనే జీవితం గడిపిన మనిషి భోజనం బల్ల దగ్గర మాత్రం ఊరుకుంటారా? మనవరాలు సూపు జుర్రితే "హారన్ కొట్టకు" అనేవారు. మనవడు అక్క కంచం మీదుగా చెయ్యి చాస్తే, "ఓవర్‌టేకింగా! సిగ్నల్ ఏదిరా? 'కాస్త ఇటిస్తావా' అని అడిగావా?" అనేవారు. తిన్నాక కత్తీ, ఫోర్కూ కంచంలో పక్కపక్కన పెట్టడం పార్కింగు. కుర్చీ జరిపే ముందు వెనక్కి చూడకపోతే పాఠం మళ్ళీ మొదటికి వచ్చేది. అన్నీ కుదిరితేనే లైసెన్సు, లైసెన్సు ఉంటేనే రెస్టారెంటు.

చిన్నకోడలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఈ తతంగం చూసి నవ్వాపుకోలేకపోయింది. బల్లమీద తెల్లటి దుప్పటి. పైవాటాలో ఉండే బావగారి పిల్లలిద్దరూ తల దువ్వుకుని కస్టమర్లు. సర్వరు వేషం అత్తగారిది. సూపంటే వేడినీళ్ళు, చేపంటే బ్రెడ్డు ముక్క.

"సూపు ఎలా ఉంది సార్?" అని అత్తగారు విసుగ్గా అడిగారు.

"చాలా బాగుందండీ, థాంక్సండీ," అన్నాడు ఆరేళ్ళ మనవడు, వేడినీళ్ళు మింగుతూ.

"లోపల అసలు కూర మాడిపోతోంది. దాన్ని అడిగే దిక్కులేదు!"

"కస్టమర్ల ముందు సర్వర్లు ఇంటి గొడవలు చెప్పరోయ్," అన్నారు మాస్టారు.

"జీతంలేని సర్వర్లు చెబుతారు!"

ఆ నవ్వు చిన్నకోడలికి ఎంతోకాలం నిలవలేదు. వాళ్ళ పుట్టింట్లో బయటి తిండంటే జ్వరం వచ్చినప్పుడు బేకరీ నుంచి తెచ్చుకునే బ్రెడ్డే. అందరూ కలిసి పెద్ద రెస్టారెంటుకి వెళ్ళినరోజు, కంచంలో విసనకర్రలా మడిచిపెట్టిన నాప్‌కిన్ని చూసి అలంకరణ కాబోలనుకుని, నలగకుండా తీసి పక్కన పెట్టింది. ఫోర్కు జారి కిందపడితే బల్లకింద దూరింది. పైకి లేస్తుంటే తల ఠంగున తగిలి, గ్లాసు ఒరిగి, నీళ్ళన్నీ మామగారి ఒళ్ళోకి వెళ్ళాయి.

"ఈ బల్లకి హ్యాండ్‌బ్రేకు వేసినట్టు లేదు," అని మాస్టారు ఒళ్ళు తుడుచుకుని, ఏమీ జరగనట్టే సూపు తాగారు. అందరూ నవ్వేసి ఊరుకున్నారు గానీ ఆమెకి మాత్రం ముద్ద దిగలేదు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు బయటికి బయల్దేరినప్పుడల్లా ఆమెకి సరిగ్గా తలనొప్పి వచ్చేది.

ఆమె ఉద్యోగం బట్టల మిల్లులో పువ్వులూ లతలూ గీయడం. తిండీ నిద్రా మానుకుని గీసిన ఒక లత డిజైను కొనడానికి పై ఊళ్ళనుంచి పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారు. శుక్రవారం వాళ్ళకి పెద్ద హోటల్లో విందు. "గీసినమ్మాయి నా పక్కనే కూర్చోవాలి," అని యజమానురాలు మరీమరీ చెప్పింది. ఆనందంతో ఎగిరి గంతెయ్యాల్సిన పిల్ల వంటింట్లో మొగుడి ముందు బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"శుక్రవారం నాకు జ్వరమని చెప్పేస్తాను."

"ఇవాళ శనివారం. శుక్రవారం రాబోయే జ్వరం ఇప్పుడే ఎలా తెలిసింది?"

"నవ్వకు. అంతమంది ముందు మళ్ళీ బల్లకింద దూరితే నా బతుకేం కాను? అక్కడ ఏది దేనికో ఒక్కటీ తెలీదు నాకు. నేను వెళ్ళను గాక వెళ్ళను."

"వెళ్ళకపోతే ఆ డిజైను నీదని ఎవరికి తెలుస్తుంది?"

"తెలీకపోతే పోనీ," అంది. అంటూనే ఆమెకి ఏడుపొచ్చేసింది. ఆ లతలో ఒక్కో ఆకూ ఆమె ప్రాణం. హాల్లో మాస్టారు పేపరు తిరగేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

తెల్లవారగానే ఇంట్లో బాంబు పేలింది.

"పిల్లల లైసెన్సులు రద్దు!" అన్నారు మాస్టారు. "నిన్న వీళ్ళు తింటుంటే చూడలేక నా కళ్ళు పోయాయి. ఈ వారమంతా రోజూ రిహార్సలే."

"రోజూనా!" అని అత్తగారు తల పట్టుకున్నారు.

"అమ్మా, నువ్వు కూడా వచ్చి కూర్చో. సీటు ఖాళీగా ఉంటే వీళ్ళకి ట్రాఫిక్ అలవాటు కాదు. నువ్వేం చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు," అన్నారు కోడలితో.

కూర్చుంది. పిల్లలు నిజంగానే పాడైపోయారు! తొమ్మిదేళ్ళ మనవరాలు నాప్‌కిన్ని తీసి పూలకుండీ పక్కన పెట్టింది.

"అది షోకేసు బొమ్మ కాదే తల్లీ. విప్పి ఒళ్ళో పరుచుకో."

మనవడు ఫోర్కు పడేసి, దాని వెంటే బల్లకింద దూరి, లేస్తూ తల ఠంగుమనిపించాడు.

"కింద పడిందాని కోసం బండి దిగకూడదురా! చెయ్యి కొంచెం ఎత్తి, ఇంకోటి ఇమ్మని నెమ్మదిగా అడుగు. తెచ్చినవాళ్ళకి థాంక్స్ చెప్పు. అంతే, కథ ముగిసింది."

ఓస్, ఇంతేనా అనుకుంది చిన్నకోడలు మనసులో. ఎవరూ చూడకుండా తన నాప్‌కిన్ని విప్పి ఒళ్ళో పరుచుకుంది.

మర్నాడు చెంచాలూ ఫోర్కులూ వరసగా పేర్చారు. "ఇన్నెందుకు తాతయ్యా, ఏది ముందు?" అంది మనవరాలు.

"బయటి లేనులోంచి లోపలికి రా."

"అయినా తెలీకపోతే?"

"అడుగు. దారి తెలీనివాడు అడగడా?"

"అడిగితే నవ్వుతారేమో!"

"నవ్వేవాడికే మర్యాద రాదన్నమాట. వాణ్ణి నా దగ్గరికి పంపించు, మొదటి గేరునుంచి నేర్పుతాను," అన్నారు మాస్టారు. ఆ మాట పిల్లలకంటే చిన్నకోడలికే బాగా తలకెక్కింది. వారం సగమయ్యేసరికి ఆవిడే పిల్లలకి తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కిసుక్కున నవ్వేవారు. పిల్లకాయల పోకిరీతనమే అనుకుంది.

శుక్రవారం జ్వరం రాలేదు. విందులో చెంచా జారి కిందపడింది. చెయ్యి దానంతట అదే లేచింది. ఇంకో చెంచా వచ్చింది, ఒక్కరూ తల తిప్పలేదు. తర్వాత ముళ్ళముళ్ళుగా ఉన్న పదార్థమేదో కంచంలో దిగింది. ఆమె ఊపిరి బిగబట్టి సర్వర్ని అడిగేసింది: "దీన్ని ఎలా తింటారండీ?"

డిజైను కొనడానికి వచ్చి పక్కన కూర్చున్న పెద్దమనిషి అమాంతం ముందుకు వంగాడు. "బతికించారు! ఇందాకట్నుంచి నేనూ అడుగుదామనే చూస్తున్నాను." అక్కణ్ణుంచి ఇద్దరూ లత గురించి హాయిగా కబుర్లాడుకున్నారు. డిజైను అమ్ముడైంది, దానితోపాటు ఆమె పేరు కూడా అందరికీ తెలిసింది.

ఆ సంతోషంలో ఆదివారం అందరినీ రెస్టారెంటుకి తీసుకెళ్ళింది. వెళ్ళేముందు తలనొప్పి రాలేదు. అక్కడ పిల్లల్ని చూసి మాత్రం నోరెళ్ళబెట్టింది. జుర్రడం లేదు, చాచడం లేదు, ఒక మెతుకు కిందపడలేదు.

"ఏంట్రా ఇది! మొన్నటిదాకా అన్నీ తప్పులేగా?"

"మాకు ఇవన్నీ ఎప్పుడో వచ్చు పిన్నీ," అన్నాడు మనవడు. "రోజుకో తప్పు తాతయ్యే చెప్పేవాడు. మర్చిపోకుండా తప్పు చెయ్యడం ఎంత కష్టమో తెలుసా?"

"ఒరేయ్, చెప్పొద్దన్నారు కదరా!" అని అక్క వాడి కాలు తొక్కింది.

మాస్టారు గబుక్కున మెనూ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"వడ్డన కూడా అయిపోతే ఇంకా మెనూ ఏమిటండీ?" అన్నారు అత్తగారు. కోడలి వైపు తిరిగి, "మరి నేను వారంరోజులు నీళ్ళు ఊరికే కాచాననుకున్నావా?" అన్నారు.

చిన్నకోడలు మొగుడి వైపు చూసింది. అతగాడు కంచంలోంచి తలెత్తలేదు. అంటే అందరికీ తెలుసన్నమాట! సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకుంది. సిగ్గు రాలేదు. తన ఒక్కదాని కోసం ఇంటిల్లిపాదీ పనిగట్టుకుని తప్పులు చేశారని తలుచుకుంటే మాత్రం కళ్ళు చెమర్చాయి, నవ్వూ ఆగలేదు.

"మామయ్యా," అంది, "పాపం వీడికి తల నిజంగానే బొప్పి కట్టింది. నన్ను చూసేగా నేర్పారు?"

"ఛ ఛ, నిన్ను చూసి ఏమిటమ్మా! నీకేం, బ్రహ్మాండంగా తింటావు. తప్పులన్నీ నావే, నా చిన్నప్పుడు చేసినవి," అన్నారు మాస్టారు మెనూ వెనకనుంచి, మెనూ ఒక్క అంగుళం కూడా దించకుండా.