రెక్క మీది పేరు

మా మ్యూజియానికి విమానం ఇచ్చిన వైమానిక దళం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను జనగామలో మా ఇంట్లో విషజ్వరంతో మంచం పట్టి ఉన్నాను. ఈ వయసులో బురదలో దిగి పారలు పడితే జ్వరం కాక జరీ శాలువా వస్తుందా అని మా ఆవిడ అప్పటికే దెప్పుతోంది. ఫోన్‌లో ఆయన మర్యాదగానే మాట్లాడాడు. వరద తర్వాత విమానం ఎలా ఉందో చూడటానికి వచ్చే సోమవారం ఒక అధికారి వస్తాడని చెప్పాడు. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటే మా దగ్గరే ఉంచుతారు. రంగు మారినా, రాతలు మారినా లారీ పంపి తీసుకుపోతారు. రాసుకున్న ఒప్పందమే అది. సరేనన్నాను. మర్నాడు పొద్దున్నే మహబూబాబాద్ రైలెక్కాను.

నేను వైమానిక దళంలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాతో పాటు బయటికొచ్చిన వాళ్లలో ఒకరు కిరాణం పెట్టుకున్నారు, ఒకరు ప్లాట్లు అమ్ముకున్నారు. నాకు మాత్రం విమానాల పిచ్చి పోలేదు. మహబూబాబాద్ దగ్గర ఒక చెరువు కింద మూతబడ్డ పత్తి జిన్నింగ్ మిల్లు ఉంటే, దాని షెడ్డులో మ్యూజియం పెట్టాను. లోపల ఎలా ఉంటుందో కనబడేలా కోసి పెట్టిన ఇంజిను ఒకటి, గాజు పెట్టెల్లో మీటర్లు, గోడకు పరిచిన పారాచూట్, అన్నిటికీ మధ్యలో పైలట్లు పని నేర్చుకునే రెండు సీట్ల చిన్న విమానం. బడి పిల్లలు ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చేవాళ్లు. వాళ్లకు విమానమంటే అంతకు ముందు ఆకాశంలో తెల్ల గీత, అంతే. దగ్గరికెళ్లి రెక్క మీద చెయ్యి వేసి, గిది ఇనుమేనా అని అడిగేవాళ్లు. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను జనగామ నుంచి రైలెక్కి వచ్చేవాణ్ణి.

భాద్రపదం వానలకు ఆ చెరువు కట్ట తెగింది. మా కాపలా మనిషి, అతని భార్య షెడ్డు పక్క గదిలోనే ఉండేవాళ్లు. అతను ముందు భార్యను ఎత్తు మీదున్న బడికి పంపించాడు. నేనూ వస్తున్నా నడువు అన్నాడట. రాలేదు. నీళ్లకు విమానం కొట్టుకుపోతుందని, మోకులు తెచ్చి షెడ్డు కంబాలకు కట్టాడు. ఆఖరి ముడి వేసి తిరిగేలోగా మిల్లు వెనక గోడ కూలి అతని మీద పడింది. విమానం ఒక పక్కకు ఒరిగి, సీట్ల దాకా బురదతో నిండి, ఆ మోకులకు వేలాడుతూ మిగిలింది.

అతను చేసింది గొప్ప పని అని అందరూ అన్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది. రేకుల బండి అది, పోతే పోయేది, నువ్వు బయటికి రావద్దా అని శవం ముందు నిలబడి మనసులో తిట్టాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మ్యూజియం ఇక మూసేద్దామనుకున్నాను. జనం మూయనివ్వలేదు. ఒకాయన రేకులు తెచ్చి దించాడు. ఇంకొకాయన ఇటుకలు పంపాడు. గంగారం వైపు తండా వాళ్లు, ఒకప్పుడు తమ పిల్లల్ని చూడటానికి పంపినవాళ్లు, వెదురు బొంగులు, పారలు పట్టుకుని వచ్చి బురదంతా ఎత్తిపోశారు. తిండి కూడా వాళ్లే తెచ్చుకున్నారు. కాపలా మనిషి పెద్దకర్మ కాగానే అతని భార్య వచ్చింది. అప్పుడే గడప దాటిందని ఆడవాళ్లు కొందరు మూతులు తిప్పారు. ఆమె ఎవరి వంకా చూడకుండా బట్ట తడిపి రెక్కలు తుడిచింది. మొత్తం తుడిచాక పుట్టింటికి, టేకుమట్లకు వెళ్లిపోయింది.

ఇంత జరిగాక నేను జ్వరంతో ఇంటికెళ్లాను. తిరిగి వచ్చి షెడ్డు తలుపు తీశాను.

రెక్కల నిండా పేర్లు. నీలి రంగు అక్షరాలు, చుట్టూ పసుపుపచ్చ గీత. రేకులిచ్చినాయన, ఇటుకలిచ్చినాయన, సిమెంటిచ్చినాయన, వాళ్ల తండ్రుల పేర్లతో సహా. తోక మీద యువజన సంఘం. కుడి రెక్క మొదట్లో, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, కాపలా మనిషి పేరు, కింద జ్ఞాపకార్థం అని. పెయింటరు ఇంకా డబ్బా మూత కూడా పెట్టలేదు. మ్యూజియం బాగుచేయడానికి ఊళ్లో వేసుకున్న కమిటీ పెద్దమనిషి నా ముఖం వంక చూస్తూ మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు.

నేను మెచ్చుకోలేదు. ఏమన్నానో మొత్తం ఇక్కడ రాయలేను. ఆయన కాసేపు విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"గుళ్లె ఫ్యాను మీద రాస్తం. బడిల బల్ల మీద రాస్తం. నీళ్ల ట్యాంకు మీద రాస్తం. ఇచ్చినోని పేరు ఇచ్చిన కాడ రాయకుంటె ఇంకేడ రాస్తరు, సారూ?"

అందులో తప్పేముంది? మా దగ్గర మంచినీళ్ల కుండ పెట్టినా దాని మీద పేరుంటుంది. నేను పుట్టి పెరిగిన ఊళ్లో గుడి ఫ్యాను తిరుగుతుంటే మా తాత పేరు కూడా తిరిగేది. కానీ ఈ విమానం మాది కాదు. సోమవారం సంగతి చెప్పాను. పేర్లుంటే లారీ వస్తుందన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. పేర్లు తుడిస్తే ఊరు ఊకుంటదా అన్నాడు. విమానం పోతే ఊకుంటదా అని నేనడిగాను. చాలాసేపు వాదించుకున్నాక, ఆ పేర్లన్నీ కొత్తగా కట్టిన గోడ మీద రాయాలని ఒప్పుకున్నాం.

రంగు ఇంకా గట్టిపడలేదు. కిరోసిన్ గుడ్డతో మెల్లగా రుద్దితే పైరంగు ఊడి వస్తోంది, కింది పాత రంగు నిలుస్తోంది. ఇంకో వారం ఆగితే అదీ కుదరదు. పెయింటరు రుసరుసలాడుతూనే ఒక్కో పేరూ తీసేశాడు. కుడి రెక్క మొదటికి వచ్చి ఆగిపోయాడు.

"చచ్చిన మనిషి పేరు నేను తుడువ. నా చెయ్యి రాదు," అన్నాడు.

పెద్దమనిషి తల అడ్డంగా ఊపి బయటికి నడిచాడు. గుడ్డ నేనే తీసుకున్నాను. ఆ విమానం నిలబడింది అతని వల్ల. దాని మీద నుంచి అతని పేరు నేను ఎలా తుడుస్తాను? గుడ్డ బకెట్లో పడేసి, మర్నాడు టేకుమట్ల బయలుదేరాను.

హనుమకొండలో బస్సు మారి పరకాల మీదుగా వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. ఆమె ఊరి బయట చేనులో పత్తి ఏరుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని, మంచిగున్నరా సారూ, జ్వరమొచ్చిందట గదా అంది. వల్లె వేసుకున్నదంతా మరిచిపోయాను. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేశాను. రెక్క మీద అతని పేరు రాశారని, ఉంటే విమానం పోతుందని, తుడవడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదని.

ఆమె పత్తి ఏరడం ఆపలేదు. ఆ చెట్టయింది, ఇంకో చెట్టయింది. నేను సాలు వెంట ఆమె వెనకే నడిచాను. తిడితే బాగుండునని అనిపించింది.

"పేరు రాసిండ్రని నాకు ఎరుకే లేదు," అంది చివరికి. ఒడిలో పత్తి గంపలోకి వంపి నా వంక చూసింది. "ఇంకోల్లు ముట్టొద్దు. నేనే వస్త."

సోమవారం అధికారి పదకొండు గంటలకల్లా వస్తానన్నాడు. ఆమె మొదటి బస్సుకు రాలేదు. ఆయన వరంగల్ దాటానని ఫోన్ చేసేసరికి కూడా రాలేదు. పెద్దమనిషి గేటు దగ్గరికీ షెడ్డుకూ తిరుగుతున్నాడు. ఇగ నువ్వే తుడువు సారూ, టైమ్ అయితున్నది అన్నాడు. ఆమె ముట్టొద్దంది, నేను ముట్టను అన్నాను. విమానం పొయినంక మొండితనం ఏం జేసుకుంటవ్ అన్నాడు. నోరు మూసుకొమ్మన్నాను.

ఆమె ఎవరిదో ఆటోలో దిగింది. బస్సు చెడిపోయిందట. మాటల్లేకుండా లోపలికి వచ్చి, కిరోసిన్ గుడ్డ పిండి, రెక్క ముందు నిలబడింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నా వైపు చూసింది. ఆమెకు చదువు రాదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఆయన పేరు ఏది, సారూ?"

చూపించాను.

"అక్షరం అక్షరం చెప్పు."

మొదటి అక్షరం మీద వేలు పెట్టి ఏమిటో చెప్పాను. ఆమె పెదవులు కదిపి, ఆ గీత వెంటే తన వేలితో ఒకసారి రాసి, తర్వాత తుడిచింది. రెండోది చెప్పాను. అలాగే రాసి, తుడిచింది. బయట గేటు దగ్గర జీపు హారన్ వినిపించింది. తొందరగా కానివ్వు అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆమె చెయ్యి తొందరపడలేదు. చివరి అక్షరం తుడిచాక, జ్ఞాపకార్థం అన్న మాటను మాత్రం అడగకుండానే ఒక్క రుద్దుతో తీసేసింది.

అధికారి చిన్నవాడు, శ్రద్ధగల మనిషి. టార్చి వేసి రెక్కల కింద, చక్రాల దగ్గర, సీట్ల కింద అంతా చూశాడు. కిరోసిన్ వాసన పసిగట్టి నా వంక చూశాడు, కానీ అడగలేదు. బాగా కాపాడారన్నాడు. అంతలో విమానం వెనక కంబానికి ఇంకా చుట్టి ఉన్న మోకు ముక్క కనిపించింది. మిగతా మోకులు బురద తీసేటప్పుడు కోసేశాం. అతను వేసిన ఆ ముడి ఒక్కటి మాత్రం విప్పలేదు.

"ఇదేమిటండీ, అసహ్యంగా ఉంది. విప్పించెయ్యండి," అన్నాడాయన.

ఆమె గుడ్డ పట్టుకుని మూలన నిలబడి ఉంది. ఆమె చూపు ఆ ముడి మీదే ఉంది. ఆయన చేతిలో కాగితం ఉంది, సంతకం ఇంకా పెట్టలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక.

"విమానం మీది సార్. కంబం మాది," అన్నాను.

పెద్దమనిషి కళ్లు మూసుకున్నాడు. అధికారి నన్ను చూసి, మోకును చూసి, మూలనున్న ఆమెను చూశాడు. ఏం అర్థం చేసుకున్నాడో తెలియదు. కాగితం కంబానికే ఆనించి సంతకం పెట్టాడు. విమానం మా దగ్గరే ఉండిపోయింది.

జీపు వెళ్లాక అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. పెయింటరు అప్పుడే నిచ్చెన వేసుకుని కొత్త గోడ మీద గీతలు కొడుతున్నాడు. ఆమె బోరింగు దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుని, వాసన చూసుకుని, మళ్లీ రుద్దుకుంది. అన్నం తిని పొమ్మంటే చీకటి పడుతుందని వద్దంది. రోడ్డు దాకా తోడు వెళ్లాను. ఏదో ఒకటి చెప్పాలని, గోడ మీద మొట్టమొదట అతని పేరే రాయిస్తామన్నాను.

బస్సు వచ్చి ఆగింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"పెయింటరుతోని రాయించకుండ్రి, సారూ. జర జాగ విడిచిపెట్టుండ్రి. పత్తి అయిపోయినంక వస్త. నేనే రాస్త," అంది.

నేను తిరిగి షెడ్డుకు వచ్చి పెయింటరును నిచ్చెన దిగమన్నాను. పై వరస వదిలేసి రెండో వరస నుంచి మొదలుపెట్టమన్నాను.