బొట్టు పెట్టని పిలుపు

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లుకు నేను యాప్ రాస్తున్న రోజులవి. గేటు దగ్గర వడ్ల ట్రాక్టర్ చీటీని స్కాన్ చేయగానే, వరుస వచ్చిందని డ్రైవర్ ఫోన్ మోగాలి. చీటీ స్కాన్ అవుతోంది, ఫోన్ మాత్రం మోగడం లేదు. స్కానర్ తన పని ముగించి ఎవరికి కబురు పెట్టాలో వాళ్లని మా వృత్తిలో డెలిగేట్ అంటారు. ఆ కబురు కోసం సూర్యాపేటలో మా ఇంట్లో మూడు రోజులుగా కాచుకుని కూర్చున్నాను. తప్పుంటే ఎర్ర అక్షరాలతో తిట్టాలి కదా, అదీ లేదు. తిట్టకుండా మూతి బిగించుకునే యంత్రమంటే నాకు ఒళ్లు మంట.

అదే మూడు రోజులుగా అమ్మ కోదాడలో ఉండే పెద్దమ్మ ఫోన్ కోసం చూస్తోంది. రెండు రోజుల్లో మా కొత్తింటి గృహప్రవేశం. పెద్దమ్మకు కార్డు వాట్సాప్‌లో పంపాను, జవాబు లేదు. సొంత అక్క రాకపోతే ఆ ఇంట్లో అడుగే పెట్టనని అమ్మ భీష్మించుకుంది.

"బొట్టు పెట్టి చెప్పినవా?" అని అడిగింది.

"కార్డు సూసిందమ్మా, నీలి టిక్కులు పడ్డయ్."

"సూస్తే అయితదా? పిలవని పేరంటానికి ఎవలొస్తరే?"

నేను లాప్‌టాప్ వైపు తిరిగాను. అప్పుడు కనబడింది తప్పు. కబురు వస్తే ఏం చేయాలో నలభై వరుసల కోడ్ రాశాను. ఆ కబురు నాకు చెప్పమని స్కానర్‌కు ఒక్క వరుస కూడా రాయలేదు. సిగ్గుపడుతూ అది రాసి మిల్లుకు పంపాను. కాసేపటికి అక్కడి గుమాస్తా ఫోన్ చేశాడు.

"మేడం, మోగుతాంది. ఇగ ఆపుడెట్ల?"

ఆపడం రేపు చూద్దామని చెప్పి, అమ్మతో కోదాడ బస్సెక్కాను.

పెద్దమ్మ ఇంటి అరుగు మీద పెదనాన్న ఇస్త్రీ చొక్కాతో, చెప్పులేసుకుని కూర్చున్నాడు. పక్కన నిండుగా సర్దిన సంచి. కొత్త చీరలో గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దమ్మ మమ్మల్ని ముక్కూమొహం తెలియనివాళ్లను చూసినట్టు చూసింది. తీరా చూస్తే కుంకుమ భరిణె ఇంట్లోనే మర్చిపోయాను. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పెద్దమ్మ లోపలికెళ్లి, తన భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది. నుదురు ముందుకు వంచింది.

"తొందరగా పెట్టవే. సర్దుకొని మూడు రోజులైంది."