పరదా అవతలి భోజనం

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకుంటే ఇంకా మంచిది, నడుం నొప్పి పుట్టదు. నేను చేసే పని గురించి చెబుతాను, వినండి.

సినిమా తీయకముందే దాన్ని గళ్లు గళ్లుగా బొమ్మల్లో వేసి చూపించాలి. ఎవరు ఎక్కడ నిలబడాలి, కెమెరా ఎటునుంచి చూడాలి, అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని స్టోరీబోర్డు అంటారు. నాకు చదువు పెద్దగా అబ్బలేదు. కోదాడలో లారీల వెనక నెమళ్లు, పులులు వేసిన చేయి నాది. ఇప్పుడు సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని, హైదరాబాద్‌లో యానిమేషన్ సినిమాలు తీసేవాళ్లకు ట్యాబ్ మీద బొమ్మలు వేసి పంపుతున్నాను. పెళ్లి కాలేదు. ఇద్దరు మాట్లాడుకునే సీన్ వస్తే, మంచం మీద కూర్చుని ఒకరి మాట నేనే అంటాను. లేచి కుర్చీలో కూర్చుని రెండోవారి జవాబూ నేనే చెబుతాను. చేయి ఎటు తిరిగిందో, మెడ ఎంత వంగిందో అద్దంలో చూసుకుని వేస్తాను. ఒక్కోసారి రోజంతా నా నోట వచ్చే మాటలు అవే.

ఈ మధ్య ఒక సీన్ ఇచ్చారు. ఇంటిల్లిపాదీ, ఐదుగురు, కింద కూర్చుని అన్నం తింటుంటారు, అంతే. వేసి పంపాను. డైరెక్టర్ కుర్రవాడే, ఫోన్ చేశాడు.

"ఏంటన్నా ఇది? ఎవరికి వాళ్లు బస్టాండ్‌లో కూర్చున్నట్టున్నారు. ఒకే ఇంటివాళ్లలా లేరు. సోమవారానికి మళ్లీ వెయ్యి. కుదరకపోతే చెప్పు, ఈ సీన్ వేరేవాళ్లకు ఇస్తాను."

నా చేతిలోంచి ఒక్క సీన్ కూడా అలా పోలేదు. అద్దం ముందు కంచం పెట్టుకుని చూశాను. ఒక్కడినే ఐదుగురిలా ఎలా తినను? అందుకే ఆదివారం పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కాను. మా చెల్లె ఇల్లు అక్కడే. మొగుడికి రైస్ మిల్లులో పని. అత్త, ఒక ఆడపిల్ల, ఒక పిల్లగాడు. వాళ్లు తింటుంటే ఒక్కసారి కళ్లారా చూసి వస్తే చాలనుకున్నాను.

నేను పోగానే మా చెల్లె బగారన్నం, కోడికూర మొదలుపెట్టింది. వంట కాగానే చాప పరిచి, ఒక్కటే కంచం పెట్టింది.

"మీరు గూడ కూసోండ్రి" అన్నాను.

"ఇంటికొచ్చిన అన్న తినకముందే మేం తింటమా? మంచిగనే చెప్పినవ్."

"నేనొచ్చిందే మీరు తింటుంటే సూద్దామని. సినిమాల వెయ్యాలె."

మా చెల్లె పకపకా నవ్వింది. "మేం తినుడు గూడ సినిమానా! మీ బావ నములుతుంటే చెవులు కదుల్తయ్, గది వెయ్యి."

"నా చెవుల సంగతి నీకెందుకే, మీ అన్నకు కూరెయ్యి" అన్నాడు బావ, గుమ్మంలో నిలబడి.

అందరూ నా చుట్టూ నిలబడ్డారు. ఒకరు అన్నం, ఒకరు కూర, పిల్ల మంచినీళ్లు. నేను తలెత్తి ఒక్కొక్కరినీ చూస్తున్నాను.

"గట్ల సూస్తవేంది బిడ్డా, మా మొఖాలకేమన్న అంటుకున్నదా? కడుపునిండ తిను" అంది చెల్లె అత్త.

తిన్నాను. చేయి కడుక్కోగానే ముందు గదిలో మంచం వాల్చి, ఫ్యాన్ వేసి, "జర నడుం వాల్చన్నా" అంటూ మా చెల్లె పరదా దించింది. అప్పుడు కూర్చున్నారు వాళ్లు, వంటింట్లో. గిన్నె మూత తీసిన చప్పుడైంది. "గా ముక్క నాదే" అని పిల్ల. "మోకాలు జరుపు, నా కంచంల పెట్టినవ్" అని తమ్ముడు. అత్త ఏదో అంది, అందరూ ఒక్కసారి నవ్వారు. ఏమందో నాకు వినపడలేదు.

లేచి పరదా దాకా పోయాను. కానీ తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా చెల్లె ఎంగిలి చేత్తోనే లేచి, "ఏం కావాలన్నా?" అంటుంది. బావ లేస్తాడు. అత్త కొంగు సర్దుకుంటుంది. నేను ఏది చూద్దామని వచ్చానో, అది నేను కనపడగానే ఆగిపోతుంది. వెనక్కి వచ్చి పడుకున్నాను, కళ్లు మూసుకుని వింటూ.

సాయంత్రం సూర్యాపేట చేరి, ఆ విన్నదే వేశాను. మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టాను. పిల్ల చేయి తమ్ముడి కంచం మీదుగా కూరగిన్నెలోకి పోతోంది. ముసలామె ఏదో అంటోంది. తల్లి నవ్వు ఆపుకోలేక ఎడమ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం ఫోన్ వచ్చింది. "ఇది కదన్నా ఇల్లంటే! ఒక్క గీత కూడా మార్చకు. మీ ఇంట్లో ఇలాగే తింటారా?"

"ఏమో సార్, నేనెప్పుడూ సూడలే" అన్నాను.

జోకనుకుని గట్టిగా నవ్వి పెట్టేశాడు. సీన్ నాకే ఉండిపోయింది. ఆ పూట అన్నం వండుకుని, ఆ బొమ్మను ఎదురుగా పెట్టుకుని తిన్నాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ వంటిల్లు ఎప్పుడూ మనుషులతో ఇరుగ్గానే ఉండాలి. మీ గడప తొక్కిన చుట్టం కూడా ఆ ఇరుకులోనే, మీ పక్కన ఒదిగి కూర్చుని, మీతోపాటే ముద్ద ఎత్తాలి.